బుల్లబ్బాయి బల్ల మీద ఎర్రపొడి

నిన్నే. జంతిక నములుతూ, ఆ నూనె వేళ్లతోనే పేజీ తిప్పుతున్నావే, నిన్నే. ముందు లేచి చేతులు కడుక్కుని రా. సబ్బుతో. గోళ్ల సందుల్లో కూడా. లేవవు కదూ? నాకు తెలుసు. నీలాంటి వాళ్లు లోకంలో ఉన్నారనే గవర్రాజులాంటి వాళ్లకు పిలిచి ఉద్యోగాలిస్తారు. సరే, నములుతూనే విను.

ఉదయం ఎనిమిదింటికి గవర్రాజు గోదారి వంతెన ఇరవై మూడో కానా దగ్గర, రెండు స్తంభాల మధ్య నిలబడి, దుమ్ము బయటికి పోకుండా దూలాలకు చుట్టిన దోమతెర కడుపు తడుముతున్నాడు. కడుపు లోపలికి పీక్కుపోయి ఉంది. ఒంటిపూట ఉపవాసం చేసినవాడి పొట్టలా అలా లోపలికి ఉన్నంతసేపూ లోపలి దుమ్ము లోపలే ఉన్నట్టు. పెళ్లిభోజనం చేసినవాడిలా బయటికి ఉబ్బిందంటే గోదారి సీసం తాగుతున్నట్టు. అరచేత్తో నాలుగు చోట్ల నొక్కి చూసి, కుట్ల వెంబడి పొగచీపురు తిప్పాడు. పొగ ఎక్కడా వంకర పోలేదు. నుదుటి మీది పలక వైపు చూసి బాగుందన్నాడు. పలక ఆ మాట రాసుకుంది.

తెర లోపల ఉడుతలనే చిన్న యంత్రాలు పనిలో ఉన్నాయి. ఇనుప దూలాన్ని ఆరు కాళ్లతో కరుచుకుని, మూతి దగ్గర నీలి వెలుగుతో రంగును పొరలు పొరలుగా లేపుతున్నాయి. పైన తొమ్మిది పొరలు బూడిదరంగు. అన్నిటికన్నా అడుగున, ముత్తాతల నాడు పూసిన ఎర్ర సింధూరం. విషమంతా, అంటే సీసమంతా, ఆ ఎరుపులోనే ఉంది. రివెట్ల తలల చుట్టూ, దూలాలు కలిసే సందుల్లో ఉడుత మూతి దూరదు. అక్కడ మూలవాళ్లు దిగాలి. తల నుంచి పాదం దాకా తెల్ల తొడుగు, వీపున గాలిబుడ్డి, చేతిలో గీకుడు కత్తి. తూర్పు సగంలో ఇరవై ఇద్దరు, పడమటి సగంలో ఇరవై ఇద్దరు. తూర్పు సగానికి సరిచూపరి గవర్రాజు.

పదిన్నరకు మూలవాళ్లు బయటికి వస్తారు. వంతెన నడిమి స్తంభం మీద కడుగుగది ఉంది. జేబుల్లో ఉన్నవన్నీ అక్కడి కిటికీలో ఇచ్చి, తొడుగులు విప్పి, తలారా స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని అవతల తిండిగదిలోకి వెళ్లాలి. తూర్పువాళ్లకు ఒక తిండిగది, పడమటివాళ్లకు ఇంకొకటి. వాళ్లు కూర్చున్నాక ఎవరి బెల్లం ముక్క వాళ్లు బల్ల మీద పెట్టుకుంటారు. దుమ్ము పనికి బెల్లం తింటే గొంతు కడుగుతుందని వాళ్ల తాతలు చెప్పారట. ఆకులో పెట్టుకోండిరా అని గవర్రాజు ఇరవయ్యేళ్లుగా మొత్తుకుంటున్నాడు. వింటే కదా. అందుకే వాళ్లు రాకముందే బల్ల తుడిచి చూడాలి. అరచేతి వెడల్పు తెల్లగుడ్డతో బల్లను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడిచి, దాన్ని మడిచి, సీసం ఉందో లేదో తేల్చే పెట్టె ధర్మకాటా నోట్లో పెట్టి, తీర్పు కింద సంతకం చేయాలి.

ఆరోజు కూడా పెట్టాడు.

“సీసం లేదు,” అంది ధర్మకాటా. ఆ గొంతు మగదీ కాదు, ఆడదీ కాదు. ఇత్తడి పళ్లెం మీద గరిటె గీకినట్టుంటుంది.

నది పొడుగునా పద్దెనిమిది వంతెనలుంటే పద్దెనిమిదింటి మీదా ధర్మకాటాకు నోళ్లున్నాయి గానీ బుర్ర మాత్రం ఒక్కటే. గుడ్డ శుభ్రంగా వచ్చినకొద్దీ సరిచూపరికి అది నూటికి వేసే మార్కు, నమ్మిక, పెరుగుతుంది. సరిచూపరుల నమ్మిక కలిస్తే నది నమ్మిక. అది తొంభై దాటిన నాటి నుంచి మూలవాళ్లకు సూది గుచ్చి నెత్తురు తీయడం మానేశారు. బల్ల శుభ్రమైతే నెత్తురూ శుభ్రమేనని ధర్మకాటా తేల్చింది. పదకొండేళ్లయింది ఈ నది మీద సూది కనబడి. మూలవాళ్లు కూడా పీడ విరగడైందనుకున్నారు. సూదంటే ఎవడికి ప్రేమ?

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. పడమటి సగానికి సరిచూపరి బుల్లబ్బాయి. గవర్రాజు భార్య మంగతాయారుకు సొంత తమ్ముడు. ఎనిమిదేళ్ల క్రితం పనీపాటా లేక తిరుగుతుంటే, పిలిచి పొగచీపురు పట్టడం దగ్గర నుంచీ నేర్పింది గవర్రాజే. ఆ బుల్లబ్బాయి నమ్మిక ఇప్పుడు తొంభై ఎనిమిది. నేర్పిన గురువుది తొంభై ఏడు ముప్పావు. పావు తేడా. ఆ పావు గవర్రాజు గొంతులో చేపముల్లులా దిగబడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

పావే కదా అంటావేమో. ఇంకో తొమ్మిది రోజుల్లో ఈ వంతెన పని అయిపోతుంది. నది మొత్తమ్మీద నమ్మికలో ముందున్నది వీళ్లిద్దరే. అయిపోయే రోజుకు ఎవరి నమ్మిక పైన ఉంటే వాళ్ల గొంతు తీసుకెళ్లి ధర్మకాటాకు పెడతారు. పద్దెనిమిది వంతెనల మీదా ఆ గొంతే పలుకుతుంది. సరిచూపరులు ఏ గుడ్డ పెట్టినా ఆ గొంతే తీర్పు చెబుతుంది. ఒకవేళ ఇద్దరి నమ్మికా సమానమైతే పెద్దవాడి గొంతు తీసుకుంటారు. కానీ సమానం కాదు కదా.

మంగతాయారు పొయ్యి దగ్గర ఆ సంగతి తప్ప ఇంకో మాట ఎత్తడం లేదు. తమ్ముడు భజనలో పద్యం ఎత్తుకుంటే వీధి చివర కుక్కలు కూడా మొరగడం ఆపేవని, ఆ గొంతుకు ఈ మాత్రం గౌరవం ఎప్పుడో రావలసిందని అంటుంది. రోజూ గారెలు వండి రెండు గిన్నెల్లో సర్దుతుంది. మొగుడి గిన్నెలో ఐదు, తమ్ముడి గిన్నెలో ఏడు. ఒంటి మనిషి, వండిపెట్టే వాళ్లు లేరని దానికి ఒక కారణం కూడా చెబుతుంది. ఆ ఏడింటిని మోసుకెళ్లి ఇవ్వవలసింది గవర్రాజే. నవ్వకు. నీకు బావమరిది లేడేమో.

ఆరోజు గారెలు ఇవ్వడానికి వెళ్తే బుల్లబ్బాయి గిన్నె అందుకుని, బావ మొహంలోకి పరకాయించి చూశాడు.

“బావా, ఓ సందేహం. నా గొంతు పెట్టేక నువ్వు గుడ్డ పెడతావు గదా. అప్పుడు ‘సీసం లేదు గవర్రాజుగారూ’ అనమంటావా, ‘సీసం లేదు బావా’ అనమంటావా? ఏదంటే నీ చెవికి ఇంపుగా ఉంటాది?”

పక్కనున్న మూలవాళ్లు మొహాలు తిప్పుకుని దగ్గారు. గవర్రాజు కూడా నవ్వాడు. మొహం మీద అతికించుకున్న నవ్వు అది. కడుగుగది దాటేసరికి ఊడిపోయింది. తూర్పు తిండిగదిలో తన ఐదు గారెల ముందు కూర్చుని, ఇక చచ్చేదాకా బుల్లబ్బాయి గొంతు ‘బావా’ అని పిలుస్తుంటే తాను గుడ్డ మడిచి చేతులు కట్టుకుని నిలబడడం కళ్లకు కట్టినట్టు చూశాడు. ఐదు గారెలూ అలాగే ఉంచి గిన్నె మూత పెట్టేశాడు.

అప్పుడు పుట్టింది ఆలోచన.

మధ్యాహ్నం తనిఖీకి తెర లోపలికి వెళ్లినప్పుడు, ఉడుతలు రాల్చిన ఎర్రపొడిని చిటికెడు చిటికెడుగా తీసి ఒక చిన్న రేకు డబ్బాలో నింపాడు. బుల్లబ్బాయి బల్ల మీద ఇది ఒక్క చిటికెడు పడితే చాలు. గుడ్డ ఎరుపు. ఒక్క ఎరుపుకు మూడు నమ్మికలు పోతాయి. బల్ల మీద సీసం కనబడితే ఆ పూట ఎవరినీ కూర్చోనివ్వరు, గది మొత్తం కడుగుతారు, ఎవడి ఒంటికీ ఏమీ కాదు. బావమరిది మొహం మాత్రం మాడుతుంది. ఇలా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

బయటికి వచ్చేటప్పుడు కడుగుగది కిటికీలో డబ్బా పెట్టక తప్పలేదు. కిటికీ అవతల నూకరత్నం ఉంటుంది. యాభై దాటిన మనిషి. పదహారేళ్లుగా ఈ వంతెన మీద ఎవరి జేబులో ఏముందో భార్యలకన్నా ముందు ఆవిడకు తెలుసు. ఏ వస్తువైనా తడిగుడ్డతో తుడిచి, అవతలి కిటికీలోంచి తిరిగి ఇస్తుంది.

“ఇదేంటండి గవర్రాజుగారూ?” అంది డబ్బా అరచేతిలో ఎగరేసి పట్టుకుంటూ.

“ముక్కుపొడుం.”

“ఎప్పట్నించండి ఈ అలవాటు?”

“నిన్నట్నించి.”

ఆవిడ డబ్బా పట్టుకుని లోపలికి తిరిగింది. అతను స్నానం చేసి, జుట్టు తుడుచుకుంటూ అవతలికి వచ్చేసరికి డబ్బా తళతళలాడుతూ కిటికీలో ఉంది.

మర్నాడు ఏడు గారెల గిన్నెతో పాటు డబ్బా కూడా పడమటి తిండిగదికి వెళ్లింది. బుల్లబ్బాయి ఇంకా తెరల దగ్గరే ఉన్నాడు. గవర్రాజు గిన్నె పెడుతున్నట్టు వంగి, బల్ల నడిమధ్య ఒక చిటికెడు చల్లి, చిటికెన వేలితో పలచగా పరిచాడు. బల్ల కావిరంగుది. కంటికి ఏమీ తెలియలేదు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి గోదారి వైపు చూస్తున్నట్టు నటించాడు. బుల్లబ్బాయి వచ్చాడు, గుడ్డ తీశాడు, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తుడిచాడు. ఎంత బాగా నేర్పానో అని గవర్రాజుకు లోపల చురుక్కుమంది.

“సీసం లేదు.”

రెండో రోజు రెండు చిటికెలు. గుడ్డకు ఎరుపు బాగానే అంటింది. బల్ల రంగు వదులుతోందని, కొత్తది అడగాలని బుల్లబ్బాయి అనుకున్నాడు. ధర్మకాటా మళ్లీ అదే మాట అంది. తీర్పు వచ్చిన వెంటనే మూలవాళ్లు వచ్చి కూర్చుని బల్ల మీద బెల్లం ముక్కలు పెట్టుకున్నారు. గవర్రాజు గుమ్మంలోంచి ఓ అడుగు ముందుకేశాడు. అందరినీ లేపేద్దామనుకున్నాడు. ఏమని లేపుతాడు? బుల్లబ్బాయి అటు తిరిగి, అక్క గారెల్లో ఈసారి అల్లం తక్కువైందన్నాడు. ఆ మాటతో ఆ ఆలోచన కాస్తా అసూయ కింద అణిగిపోయింది. తనకు వచ్చిన ఐదింట్లో అసలు అల్లమే లేదు మరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను. బాగానే పట్టింది. కానీ తెల్లవారి పళ్లు తోముకుంటుంటే ఒక సంగతి తట్టింది. రెండు చిటికెల సీసాన్ని ధర్మకాటా చూడలేదంటే, అది అసలు చూడడం లేదు. బుల్లబ్బాయి మీద నమ్మకం ముదిరి, గుడ్డ నోట్లో పడగానే తీర్పు చెప్పేస్తోంది. అయితే నావి కూడా చూడడం లేదా?

మూడో రోజు వేళకు ముందే వచ్చి, తూర్పు తిండిగదిలో ఎవరూ లేకుండా చూసి, తెల్లగుడ్డ మీద డబ్బాలో మిగిలినదాంట్లో సగం ఒంపాడు. గుడ్డ ఎర్రగా అయింది. మడిచి ధర్మకాటా నోట్లో పెట్టాడు.

“సీసం లేదు.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. ఎర్రపొడి ఉంది. సీసం లేదు.”

“ఈ పొడి ఎక్కడిదో తెలుసా నీకు?”

“తెలియదు. సీసం లేదు.”

గవర్రాజు బల్ల మీద కూలబడ్డాడు. పదకొండేళ్లుగా ఈ పెట్టె మాట మీద ఎందరు ఇళ్లకు వెళ్లి పిల్లల్ని ఎత్తుకున్నారో. ఎందరి నెత్తురులో ఏం పేరుకుందో చూసే సూది లేదు. గుడ్డి పెట్టె ముందు తాను రోజూ గుడ్డ మడిచి నిలబడ్డాడు.

నువ్వైతే వెంటనే పరుగెత్తి అందరికీ చెప్పేవాడివి కాబోలు. గవర్రాజు పరుగెత్తలేదు. మనిషి కదా, ముందు తన సంగతి తట్టింది. పెట్టె గుడ్డిదైతే తన గుడ్డలన్నీ ఇక శుభ్రమే. బుల్లబ్బాయి నమ్మిక తొంభై ఎనిమిది మించి పెరగడం లేదు, అదే గరిష్ఠం. ఈ తొమ్మిది రోజుల్లో, కాదు ఆరు రోజుల్లో, తనదీ అక్కడికి చేరుతుంది. సమానమైతే పెద్దవాడి గొంతు. నోరు మూసుకుంటే చాలు, పద్దెనిమిది వంతెనల మీద తన గొంతే పలుకుతుంది. బుల్లబ్బాయి చేతులు కట్టుకుని వింటాడు. మంగతాయారు కూడా వింటుంది.

ఆ తీపి నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే, ఏడు గారెల గిన్నెతో పడమటి తిండిగదికి నడిచాడు. అలవాటు కొద్దీ చెయ్యి డబ్బాలోకి వెళ్లింది, బల్ల మీద చల్లింది. ఇక చల్లవలసిన పని లేదని చల్లేశాక గుర్తొచ్చింది.

బుల్లబ్బాయి తుడిచాడు. సీసం లేదు. మూలవాళ్లు ఇంకా స్నానాల్లో ఉన్నారు. ఆకలిగా ఉందని బుల్లబ్బాయి గిన్నె మూత తీశాడు. పైనున్న గారె జారి, బల్ల నడిమధ్య పడి, రెండు దొర్లు దొర్లింది. వేళ్లతో అందుకుని, మన వాళ్లందరూ చేసినట్టే ఉఫ్ మని ఒకసారి ఊదాడు. ఊదితే పోయేది సీసమైతే సరిచూపరులెందుకు? గారె అంచున ఎర్రటి మరక అలాగే ఉంది. అది నోటి దాకా వెళ్లింది.

గవర్రాజు చెయ్యి విసిరి కొట్టాడు. గారె ఎగిరి గోడకు తగిలింది.

“తినకు.”

“ఏంటి బావా, ఏడింట్లో ఒకటి తింటే కూడా ఏడుపేనా?”

“తినకురా. నోరు కడుక్కో. చేతులు కడుక్కో. నిన్నా మొన్నా కూడా తిన్నావా ఈ బల్ల మీద?”

“రోజూ తింటాను. ఏవైంది నీకు?”

“సీసం చల్లేను. మూడ్రోజుల్నించి నీ బల్ల మీద నేను సీసం చల్లుతున్నాను.”

బుల్లబ్బాయి కాసేపు నవ్వుతున్న మొహంతోనే ఉన్నాడు. ఇది కూడా మేలమాడడమే అనుకున్నాడు. బావ కళ్లు చూశాక నవ్వు దిగిపోయింది. ఎందుకని అడిగాడు. గవర్రాజు జవాబు వెతుక్కున్నాడు. పెద్ద కారణాలేవీ దొరకలేదు.

“ఏడు గారెలకి,” అన్నాడు.

స్నానాలు చేసిన మూలవాళ్లు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయారు. గవర్రాజు వాళ్లను లోపలికి రావద్దన్నాడు. తాను చేసింది చెప్పాడు. చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. తర్వాత ధర్మకాటా ముందు నిలబడ్డాడు.

“నా సంతకాలు వెనక్కి తీసుకుంటున్నాను.”

“ఎన్ని?”

“అన్నీ.”

పళ్లెం మీద గరిటె మళ్లీ గీకింది.

“నేను తుడుపు నేర్చుకున్నది మీ గుడ్డల నుంచి,” అంది ధర్మకాటా. “పద్దెనిమిది వంతెనల నమ్మికకు నారు మీ సంతకాలే. అవి పీకితే నది నమ్మిక సున్నా అవుతుంది. పని ఆగుతుంది. గుడ్డలో సీసం లేదు. మళ్లీ చెబుతున్నాను, లేదు. సంతకాలు వెనక్కి తీసుకోవాలా?”

ఆరు రోజులు. తన గొంతు. గవర్రాజు గోడ కింద పడి ఉన్న గారె వైపు చూశాడు.

“తీసుకో.”

తెరల లోపల ఉడుతలు ఎక్కడివక్కడ నీలి వెలుగులు ఆర్పుకున్నాయి. ఈ వంతెన మీదే కాదు. నది పొడుగునా, ఎగువన కొండల మధ్య వంతెన నుంచి దిగువన సముద్రపు ఉప్పుగాలి తగిలే వంతెన దాకా, పద్దెనిమిదింటి మీదా.

ఆ సాయంత్రానికే ఆస్పత్రుల నుంచి సూదులు బయల్దేరాయి. ఎనిమిది వందల మంది చేతులు చాచారు. కొందరు బూతులు తిట్టారు. గవర్రాజును విచారణకు పిలిచారు. తిండిగదిలో సీసం చల్లినందుకు మూడు నెలలు ఇంట్లో కూర్చోమన్నారు. ఆ పొడిని పరీక్షించాలని ఎవరికీ తోచలేదు. పరీక్షించవలసిన ధర్మకాటాయే అక్కడ ముద్దాయి, చల్లినవాడు ఒప్పేసుకున్నాడు, ఇక పొడితో పనేముంది?

మంగతాయారు పదకొండు రోజులు మాట్లాడలేదు. గారెలు వండలేదు. బుల్లబ్బాయి నెత్తురు చీటీ వచ్చిన రోజున మాత్రం దాన్ని తెచ్చి మొగుడి ముందు పెట్టింది. అందులో చిన్నపిల్లాడి నెత్తురంత శుభ్రం. గవర్రాజు చీటీలో ఇన్నేళ్ల పని తాలూకు సీసం లవలేశం కనబడింది. బావమరిదికి ఏమీ కాలేదని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోగానే, వీడి నెత్తురు కూడా నాకన్నా బాగుందే అని ఒక ముల్లు గుచ్చుకుంది. ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు.

ఈ వంతెన మీది నలభై నలుగురివీ శుభ్రంగానే వచ్చాయి. దేవుడి దయ అన్నారు. కానీ ఎగువన రెండు వంతెనల మీద ముప్పై ఒక్కమందికి నెత్తురులో సీసం పొంగి ఉంది. ఆరా తీస్తే అక్కడి సరిచూపరులు రెండేళ్లుగా బల్లలే తుడవడం లేదని తేలింది. కొత్తగుడ్డ విప్పడం, మడవడం, నోట్లో పెట్టడం. ధర్మకాటా పాపం ప్రతిసారీ నిజమే చెప్పింది. ఆ గుడ్డల్లో సీసం ఎలా ఉంటుంది? ముప్పై ఒక్కమందినీ మందుకు చేర్చారు. ఇంకో ఏడాది గడిస్తే కొందరు మంచం దిగేవారు కారని డాక్టర్లన్నారు. ఇకనుంచి నమ్మిక ఎంతున్నా నెలనెలా సూది ఉండాలని రాసేశారు.

మూడు నెలల తర్వాత గవర్రాజును పిలిచింది తిట్టడానికి కాదు. వంతెన మధ్య షామియానా వేసి దండ వేశారు. సొంత తప్పు ఒప్పుకుని పరాయి ప్రాణాలు నిలబెట్టినవాడన్నారు. గుడ్డి నమ్మికను పట్టుకున్న కన్ను అన్నారు. ధర్మకాటాకు గొంతంటూ పెడితే ఈయన గొంతే పెట్టాలని తీర్మానించి, ఆ మధ్యాహ్నమే గొంతు ఇచ్చి వెళ్లమన్నారు. మంగతాయారు కళ్లు తుడుచుకుంది. బుల్లబ్బాయి వెనక వరసలో నిలబడి రెండు వేళ్లతో చప్పట్లు కొట్టాడు. అతని మొహంలో ఆ చేపముల్లు చూసి గవర్రాజు కడుపు నిండిపోయింది. జన్మలో అంత రుచైన వస్తువు తినలేదు.

గొంతు ఇవ్వడానికి కడుగుగది మీదుగా వెళ్తుంటే నూకరత్నం కిటికీలోంచి పిలిచింది. చుట్టూ చూసింది. మాట మెల్లగా అంది.

“గవర్రాజుగారండి, ఒకటి చెప్పాలండి. విచారణప్పుడే చెబుదామని వచ్చేను. అంతలో ఆ ముప్పై ఒక్కమంది సంగతి తేలింది. ఇప్పుడు చెబితే మళ్లీ సూదులు మానేత్తారేమోనని నోరు కుట్టేసుకున్నాను.”

“ఏంటది?”

“ముక్కుపొడుం అని డబ్బా ఇచ్చేరు కదండి. తుడుద్దామని చేతిలో తీసుకుంటే సీసమంత బరువుందండి. పదహారేళ్లుగా మోత్తన్నాను, నాకు తెలవదా. మూత తీసి చూసేను. మీ మొహవూ చూసేను. పైకి రాద్దామంటే మీ ఉద్యోగం పోతాది, మంగతాయారుగారు నాకు పిన్ని వరస. అందుకని అది విషం తొట్టిలో వొంపేసి, డబ్బా కడిగేసి, వేరేది నింపేనండి.”

గవర్రాజు మెడలో దండ ఒక్కసారిగా బరువెక్కింది. ధర్మకాటా చూసింది. మూడు రోజులూ చూసింది. సీసం లేదని నెత్తీనోరూ కొట్టుకుంది.

“ఏం నింపేవు?”

“అప్పుడు చేతికి ఎర్రగా దొరికింది అదేనండి. నా పళ్లపొడి,” అంది నూకరత్నం. “నెలకి సరిపడా ఉండేది. మీరు గొంతిచ్చొచ్చేటప్పుడు ఓ పొట్లం కొని పట్టుకురండి.”